బంతీ, ఏం తింటావ్?

మా బావ మా అక్కను చంపేశాడని ఊరంతా చదివింది. చదివి ఏడ్చింది. పుస్తకం మూసి, కళ్ళు తుడుచుకుని, "అబ్బ, ఏం రాశాడండీ!" అంది. ఊరు అలా ఏడుస్తున్నప్పుడు మా అక్క నాటక సమాజం దుస్తుల గదిలో కూర్చుని, ఒక సైనికుడి అంగీని మోకాళ్ళ మీద పరుచుకుని, ఊడిన గుండీ కుడుతోంది.

నవల అన్నాక ఎవరో ఒకరు చావాలి, కాదనను. నేను కాలేజీలో సాహిత్యం పాఠాలు చెబుతాను. చచ్చిపోయిన రాజులూ రాణులే ఇన్నాళ్ళూ నాకు జీతం ఇప్పించారు. కానీ బతికున్న మనిషి నడకా, నవ్వూ, మోచేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చా అన్నీ ఎత్తుకెళ్ళి, ఆ మనిషిని చివరి పేజీలో చంపి, ఆ చావు చూసి తాను జ్ఞాని అయిపోయానని రాసుకుంటే దాన్ని నేను నవల అనను. దానికి నా దగ్గర వేరే మాట ఉంది, అచ్చులో బాగుండదు.

అలా కడుపు మండిపోతున్న రోజుల్లోనే ఆయన ఫోన్ చేశాడు.

"ఏం మరదలా, బాగున్నావా?"

ఏళ్ళ తరబడి పలకరింపు లేదు. నిన్న సాయంత్రం మా ఇంట్లో టీ తాగి వెళ్ళినవాడిలా అడిగాడు.

"నవలకి సభ పెడుతున్నారు. ఆ పాత విషాద నాటకానికీ నా నవలకీ ఉన్న చుట్టరికం మీద ఎవరైనా మాట్లాడాలంటున్నారు. బతుక్కి అర్థమేంటి అని ఆ రాణి అడిగిన ప్రశ్నే కదా నా నవలంతా. ఆ నాటకం నీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు చెప్పు? పైగా నువ్వు మాట్లాడితే... ఇంట్లోవాళ్ళు కూడా మెచ్చుకున్నట్టుంటుంది."

చూశారా? పుస్తకం అమ్ముడుపోతోంది, పేరొచ్చింది, ఇక ఇంటివాళ్ళ దీవెన ఒక్కటే తక్కువైంది. "తప్పకుండా మాట్లాడతాను బావా" అన్నాను. నా గొంతులో అంత తేనె ఉందని నాకే తెలియదు. "ఒక్క మాట. ఒట్టి ప్రసంగాలు ఎవరు వింటారు? నువ్వు నవల చివరి పేజీలు చదువు. ఆ తర్వాత మా సమాజం వాళ్ళచేత నాటకం చివరి రంగం వేయిద్దాం. పోలిక కళ్ళముందే కనబడుతుంది."

"అద్భుతం!" అన్నాడు. రాణి వేషం ఎవరిదని అడగలేదు. దుస్తుల గదిలో గుండీలు కుట్టుకునే మనిషి ఆయన లెక్కలో ఎప్పుడో పోయింది.

ఆ నాటకం కథ చిన్నదే. ఒక కోట, ఒక రాణి. ఇద్దరు కొడుకులూ సింహాసనం కోసం ఒకరి కత్తికి ఒకరు బలవుతారు. రాణి ఏడవదు. కోటలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి ఒకటే అడుగుతుంది, "నేనింకా దేనికి బతకాలి?" అని. మంత్రి ధర్మం కోసం అంటాడు. గురువు రాసిపెట్టి ఉంది కాబట్టి అంటాడు. సేనాపతి మాత్రం గడప దాటి దగ్గరికి వచ్చి, "పగ కోసం" అంటాడు. మిగతా ఇద్దరితో వాదించిన రాణి అతని మాటకు కాసేపు ఆగుతుంది. "పగ తీరాక?" అంటుంది. సేనాపతి దగ్గర జవాబుండదు. రాణి విషం గిన్నె ఎత్తి తాగేస్తుంది. అంతే, తెర.

చదువుకున్నవాళ్ళు నాటకం అక్కడితో అయిపోయిందనుకుంటారు. మా సమాజంలో అక్కడితో అవ్వదు. సమాజం నడిపింది మా నాన్న. ఆయన పెట్టిన పట్టింపు ఒకటి ఉంది. వేదిక మీద చచ్చినవాళ్ళు తమంతట తాము లేవకూడదు. తెర పడ్డాక సొంత మనిషి ఎవరైనా పక్కకు వచ్చి, ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి, "ఏం తింటావ్?" అని అడగాలి. చచ్చిన మనిషి "ఆకలేస్తోంది" అని పలకాలి. అప్పుడే లేవాలి, అప్పుడే రంగు తుడుచుకోవాలి. లేకపోతే వేషం ఇంటిదాకా వెంట వస్తుందట. "చచ్చినవాణ్ణి లేపేది ఆకలొక్కటేనమ్మా" అనేవాడు నాన్న. యుద్ధం రంగం అయ్యాక చూడాలి తమాషా. తెర వెనక పీనుగులన్నీ కళ్ళు మూసుకునే ఒకదాని మీద ఒకటి అరిచేవి, నాకు గుడ్లు, నాకు రొట్టె, ఒరేయ్ ముందు నా కడుపు మీంచి నీ కాలు తియ్యి అని.

మా ఇద్దరికీ ఇంట్లో పిలిచే పేర్లు పెట్టింది కూడా నాన్నే. చిన్నప్పుడు గుండ్రంగా దొర్లుతూ ఉండేదని అక్క బంతి. నేను మిరప. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటాను.

రాణి వేషం అక్కది. పెళ్ళయ్యాక "బంతీ, ఏం తింటావ్?" అని పిలిచే పని బావది. అసలు ఆయన అక్క వెంట పడిందే ఆ పిలుపు కోసం. పక్కన నిలబడి, ఆ మాట అడిగే హక్కు తనకుంటే చాలనేవాడు. అప్పట్లో నాకు కూడా ఆయన మాటలు బాగానే ఉండేవి. మాటలు ఎప్పుడూ బాగానే ఉంటాయి ఆయనవి.

వాళ్ళకు ఒక బాబు పుట్టాడు. కడుపున పడ్డ ఒక్క నలుసు. ఆ మాటే వాడికి పేరైంది, నలుసు. ముగ్గురమే అలా పిలిచేవాళ్ళం. మాటలు రాకముందే జ్వరం వచ్చి పోయాడు. ఆ మాట ఇంతకంటే పొడుగ్గా నేను చెప్పలేను, అడగకండి.

తర్వాత చాన్నాళ్ళు అక్క ఇంట్లోంచి కదల్లేదు. మళ్ళీ వేషం కట్టిన మొదటి రోజు నేను ప్రేక్షకుల్లో కూర్చున్నాను. రాణి ప్రశ్న అడుగుతుంటే ముందు వరుసల్లో ఒక్కరు కదిలితే ఒట్టు. గిన్నె తాగింది, పడింది, తెర పడింది. నేను చప్పట్లు కొట్టి, తెలిసినవాళ్ళతో మాట్లాడి, వీళ్ళింకా రారేమని తిట్టుకుంటూ లోపలికి వెళ్ళాను. అక్క పడ్డచోటే ఉంది. చల్లటి చెక్కల మీద, కళ్ళు తెరిచి, పైన దూలాలకేసి చూస్తూ. బావ పక్కనే ఉన్నాడులే, ఆయన పిలుస్తాడులే అని ఎవరూ పిలవలేదు. ఆయన వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. పెట్టె ముందే సర్ది ఉంచుకున్నాడని తర్వాత తెలిసింది.

"బంతీ, ఏం తింటావే?" అన్నాను. చాలాసేపటికి, "ఆకలేస్తోంది" అంది. ఆ రోజు నుంచి వేషం కట్టలేదు. దుస్తుల గది తాళంచెవి తీసుకుంది.

ఇక నవల సంగతి. అందులో రాణి లేదు, ఒక నాటకాల నటి ఉంది. కోట లేదు, అద్దె ఇల్లు ఉంది. కొడుకు పోతాడు. ఆమె డాక్టర్ని అడుగుతుంది, తండ్రిని అడుగుతుంది, భర్తను అడుగుతుంది, ఇంకా దేనికి బతకాలని. ప్రేమ కోసం అంటాడు భర్త, అధ్యాయం పొడుగునా. ఆఖరి ప్రదర్శనలో ఆమె గిన్నెలో నిజంగానే విషం కలుపుకుంటుంది. తెర పడుతుంది. భర్త పక్కన నిలబడి, గొంతు పగిలేలా పిలుస్తాడు, "ఏం తింటావ్?" అని. ఆమె పలకదు. ఆ పలకకపోవడంలో అతనికి బతుకు అర్థం బోధపడుతుంది. ఊరు ఏడ్చింది ఆ వాక్యానికే.

ఆయన పిలిచాడట. ఆమె పలకలేదట. ఎంత తేలిగ్గా తిప్పేశాడో చూడండి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాను, చెట్టు నరికి కాయలమ్మినవాణ్ణి ఈయన్నే చూశాను. ఆ పిల్లవాడి పేరు కూడా నలుసే. మా కాలేజీలో ఒకమ్మాయి తన పుస్తకం అట్ట మీద ఆ పేరు రంగులతో అందంగా రాసుకుని, "ఎంత బాగుందో కదండీ మేడమ్" అని నాకే చూపించింది. క్లాసు వదిలేసి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్నాను. ఆ మెట్ల మీదే నిర్ణయించుకున్నాను, ఆయన చేత పిలిపిస్తానని. నలుగురిలో, ఆయన నవలను నెత్తిన పెట్టుకున్న జనం ముందు, ఆ రోజు పిలవని పిలుపు ఈ రోజు పిలవాలి. పిలవలేదని ఒప్పుకోవాలి. నాది పాము పగ అని మా ఇంట్లో అందరికీ తెలుసు.

దుస్తుల గదికి వెళ్ళాను. అక్క నిచ్చెన మీద ఉంది, పై అరలో కిరీటాలు సర్దుతోంది.

"నవల చదివావా?" అన్నాను.

"చదివాను. బాగానే రాశాడు. నేను చచ్చిపోయేచోట నాక్కూడా ఏడుపొచ్చింది."

"నీకు సిగ్గూ ఎగ్గూ లేదే!"

"నాకెందుకే సిగ్గు? నేనేం రాశానా? ఆ కిరీటం ఇలా అందుకో."

అందించాను. సభ గురించి చెప్పాను. రాణి వేషం నువ్వే వేయాలన్నాను. అక్క నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళింది. వద్దంటుందనుకున్నాను. వాదించడానికి మాటలన్నీ సర్దుకుని ఉన్నాను.

"వేస్తాను" అంది. "ఆ రంగం ఒక్కసారి మళ్ళీ వేయాలని నాకూ ఉంది. పడి లేవడం మర్చిపోయానేమోనని అనుమానం. కానీ ఒక షరతే మిరపా. పిలిచేది నువ్వే. ఇంకెవరు పిలిచినా లేవను."

"నేనే పిలుస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాను. అనేటప్పుడే నా మనసులో లెక్క వేరుగా ఉంది. ముందు ఆయన, తర్వాత నేను. అందులో ఒట్టు తప్పేదేముంది అనుకున్నాను. ఆమెకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. నా ప్లాను చెప్పింది ఒక్కరికే, తెర లాగే పెద్దాయనకు. మేం ఆయన్ని తెర తాత అంటాం.

"రాణి పడ్డాక తెర వేయకు తాతా."

"అదేం తల్లీ? పీనుగును పదిమందిలో పెడతారా?"

"ఈ పీనుగును పెడతాం."

తాత నన్ను ఎగాదిగా చూశాడు. "మీ నాన్న ఉంటే వీపు చిట్లగొట్టేవాడు" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు. బావ వెళ్ళిపోయిన రోజు తెర లాగింది కూడా ఆయనే మరి.

సభ మధ్యాహ్నం. హాలు కిటకిటలాడింది. బావ వేదిక పక్కన కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, నెరుపు కూడా ఆయనకు నప్పింది. పెట్టి పుట్టినవాడు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. నేను ఇంకాస్త వంగి దణ్ణం పెట్టాను.

ముందు నా ప్రసంగం. తిడతాననుకుంటున్నారేమో, లేదు. పాఠం చెప్పినట్టే చెప్పాను. నాటకంలో రాణి వేసిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు, ఆమె చనిపోతూ ఆ ప్రశ్నను మన ఒళ్ళో పెట్టి పోతుంది, ఇంటికి వెళ్ళినా అది వదలదు అన్నాను. నవలలో నటి చావు అలా కాదు, ఆమె పోతూ భర్త ఒళ్ళో ఒక జవాబు పెట్టి పోతుంది, ఆయన దాన్ని భద్రంగా ఇంటికి పట్టుకెళ్తాడు అన్నాను. కొందరు నవ్వారు. బావ కూడా నవ్వాడు, పొగుడుతున్నాననుకుని.

"ఇంకో తేడా ఉంది" అన్నాను. "మంత్రి బదులు తండ్రి ఉన్నాడు, గురువు బదులు డాక్టరున్నాడు. సేనాపతి మాత్రం నవలలో లేడు. పగ కోసం బతకమని చెప్పేవాడు ఒక్కడూ లేడు. అంత జాగ్రత్తగా నాటకాన్ని అనుసరించిన రచయిత ఆ ఒక్క పాత్రను ఎందుకు వదిలేశారు? భయపడ్డారేమోనని నా అనుమానం."

ఈసారి ఆయన నవ్వలేదు.

తర్వాత ఆయన చివరి పేజీలు చదివాడు. బాగా చదివాడు, ఆ విద్య ఆయనకుంది. ఆమె పలకలేదు అనే వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హాల్లో చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి. చప్పట్లు ఆగాక దీపాలు తగ్గించారు. రాణి వచ్చింది.

ముఖం మీద మేలిముసుగు. అడుగు పడగానే మనిషిని గుర్తుపట్టేవాడు బావ ఒకప్పుడు, ఇప్పుడు గుర్తుపట్టలేదు. ఆమె నోరు విప్పింది, "నేనింకా దేనికి బతకాలి?" అంది. అప్పుడు చూడాలి ఆయన ముఖం. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. అరవలేడు, లేవలేడు, వెళ్ళిపోలేడు. ఒళ్ళో పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నేను రాణిని చూడలేదు. ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నా లోపల రగిలినదాని మీద ఎవరో చల్లటి నీళ్ళు పోస్తున్నట్టుంది.

"పగ తీరాక?" అంది రాణి. గిన్నె ఎత్తింది. తాగింది. ఒక మోకాలు, ఆ తర్వాత భుజం, అలా నెమ్మదిగా వాలిపోయింది. గిన్నె దొర్లుకుంటూ వెళ్ళి బావ కుర్చీకి తగిలి ఆగింది.

తెర పడలేదు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను లేచి మైకు అందుకున్నాను.

"మా సమాజంలో ఒక పట్టింపు ఉంది. నవల చదివినవాళ్ళకు తెలుసు. వేదిక మీద పోయినవాళ్ళను సొంత మనిషి పిలవాలి. రాణి వేషం కట్టినావిడ మా అక్క. రచయితగారి భార్య. నవలలో ఆమె పోయింది, ఇక్కడ బతికే ఉంది. నవలలో ఆయన పిలిచారు, ఆ రోజు పిలవలేదు. పెట్టె పట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. ఆవిడ చెక్కల మీద పడుకునే ఉంది." హాల్లో ఒక్కసారిగా కలకలం రేగింది. "పిలవండి బావా. అందరూ ఎదురుచూస్తున్నారు."

ఆయన లేచాడు. పుస్తకం కింద పడింది. పెదాలు కదిలాయి. ముందు నవలలో నటికి పెట్టిన పేరుతో పిలిచాడు. అవును, నిజం. అలవాటైపోయింది పాపం. ముందు వరుసలో ఒకావిడ "అయ్యో" అంది.

"బంతీ" అన్నాడు అప్పుడు. "బంతీ, ఏం తింటావ్?"

అక్క కదల్లేదు.

"బంతీ!"

దగ్గరికి వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మళ్ళీ పిలిచాడు, ఇంకోసారి పిలిచాడు. చెయ్యి పట్టుకుని ఊపాడు. చెయ్యి వదిలితే టప్పున కింద పడింది. ఆయన వెనక్కి తిరిగి గిన్నె కోసం పాకాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అప్పుడు అరిచాడు చూడండి, "డాక్టర్ని పిలవండి! ఎవరైనా డాక్టర్ని పిలవండి!" అని. తాను రాసిన చావును తానే నమ్మేశాడు. ఆయన చొక్కా ముందు భాగం కన్నీళ్ళతో తడిసిపోయింది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు. ఇందాక కళ్ళజోడు తుడుచుకున్న మనిషి కాదు.

నేను మైకు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు పిలవాలి, నాకు తెలుసు. ఇంకొంచెంసేపు, అనుకున్నాను. ఆ రోజు ఆమె ఎంతసేపు పడుకుందో అంతసేపూ ఏడవనీ అనుకున్నాను. ఏడుపు తీపిగా ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్ని కాదు. ఉంటుంది. ఎదుటివాడిదైతే చాలా తీపిగా ఉంటుంది.

హాల్లో సగం మంది లేచి నిలబడ్డారు. ఎవరో నిజంగానే డాక్టరట, కుర్చీల మధ్యనుంచి తోసుకుంటూ వస్తున్నాడు. తెర తాత పక్కనుంచి నన్ను చూసి, "తల్లీ" అన్నాడు. ఆ గొంతు వింటేనే నేను అక్కకేసి తిరిగాను. ముసుగు పక్కకు జారింది. ముఖం తెల్లగా ఉంది. రొమ్ము కదులుతోందా లేదా ఇక్కడనుంచి తెలియడం లేదు. నేను చచ్చిపోయేచోట నాక్కూడా ఏడుపొచ్చింది అన్న మాట గుర్తొచ్చింది. పడి లేవడం మర్చిపోయానేమో అన్న మాట గుర్తొచ్చింది. గిన్నె దుస్తుల గదిలోంచి తనే తెచ్చుకుంది. అందులో ఏం పోసుకుందో నేను చూడలేదు. నేను చూసిందంతా ఆయన ముఖమే.

మైకు ఎక్కడ పడేశానో తెలియదు. పరిగెత్తి వెళ్ళి బావను పక్కకు తోసేసి కూర్చున్నాను. మొదటిసారి శబ్దమే రాలేదు.

"బంతీ! ఏం తింటావే? బంతీ!"

కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు మాత్రం కదిలాయి.

"ఆకలేస్తోంది" అంది. ఆ తర్వాత నాకొక్కదానికే వినబడేలా, "ఎంతసేపే?" అంది.

జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు తిడుతున్నారు, ఎవరిని తిడుతున్నారో తెలియదు. అక్క నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది. బావ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"ఆ రోజు నేను అక్కడే నిలబడ్డాను బంతీ" అన్నాడు. మైకు లేదు, జనం కోసం కాదు. "నోరు పెగల్లేదు. పిలిస్తే పలకవేమోనని భయమేసింది. అది చూడలేక వెళ్ళిపోయాను."

అక్క ఆయన్ని చూసింది. కోపంగా కాదు. బోలెడు దుస్తులు చూసిన మనిషి, ఇది ఇక కుట్టుకు ఆగదు అని తేల్చుకునేటప్పుడు చూస్తుందే, అలా చూసింది.

"పలికేదాన్ని" అంది.

అంతే. ఆ ఒక్క మాటకు ఆయన ముఖంలో ఏం జరిగిందో నేను చెప్పను, నా కోసం దాచుకున్నాను. నేను సంవత్సరాల తరబడి నూరిన కత్తి ఆయన చొక్కా చింపింది, అక్క మాట లోపలికి దిగింది. "లేవండి. చొక్కా పాడవుతుంది, కింద రంగు పొడి ఉంది" అని కూడా అంది, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన పుస్తకం వేదిక మీదే ఉండిపోయింది. తాత దాన్ని చీపురుతో పక్కకు నెట్టి తెర లాగాడు.

బయట ఇంకా ఎండగానే ఉంది. హాలు పక్క సందులో చిన్న క్యాంటీను. రేకు బల్లలు, గోడకు వేలాడదీసిన గరిటెలు, పెనం మీద ఏదో చుయ్యిమంటున్న శబ్దం. అక్క కళ్ళ చుట్టూ రాణి కాటుక అలాగే ఉంది. క్యాంటీనావిడ ఆమెను రెండుసార్లు తిరిగి చూసి, ఏమీ అడక్కుండా రొట్టె, గుడ్లు రెండు పళ్ళేల్లో తెచ్చి పెట్టింది. అక్క తింది. మాట్లాడకుండా, వంచిన తల ఎత్తకుండా తింది. నేను ఇంకా వేడి మీదే ఉన్నాను.

"చూశావా ఎలా ఏడ్చాడో! రేపు ఊరంతా ఇదే మాట. ఇక ఆ వాక్యం చదివి ఎవడేడుస్తాడో చూస్తాను. పాకుతూ వెళ్ళి గిన్నె వాసన చూశాడే, అది చూశావా నువ్వు?"

"కళ్ళు మూసుకున్నానుగా."

"అయ్యో, చూడాల్సింది!"

అక్క నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"నువ్వే పిలుస్తానన్నావు."

"పిలిచానుగా!"

"ఆయన పిలుస్తున్నంతసేపూ నాకేం అనిపించలేదే. ఎవరో పరాయివాళ్ళ ఇంటి తలుపు కొడుతున్నట్టుంది. నీ గొంతు కోసం చూస్తున్నాను. నువ్వు పక్కనే ఉన్నావని తెలుసు, మైకులో నీ ఊపిరి వినబడుతోంది. అయినా పిలవలేదు." వేలితో బల్ల మీద నీటి చుక్కను చెరిపేసింది. "ఆ రోజులాగే అనిపించింది."

"పగ తీరాక?" అన్న మాటకు సేనాపతి ఎందుకు నోరు మూసుకుని నిలబడ్డాడో క్లాసులో పిల్లలకు ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. అప్పటికి నాకు అర్థమైనట్టే ఉండేది. ఇప్పటికీ బావను క్షమించలేదు, ఆ మాట రాసిపెట్టుకోండి. మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ పిలిపిస్తాను. కానీ ఆ ఊపిరి. నా ఊపిరి ఆమెకు వినబడింది.

నా పళ్ళెం ముట్టుకోలేదు. పెనం మీద ఇంకొకరికి ఏదో వేగుతోంది, ఆ వాసన కూడా నాకు ఎక్కడం లేదు. అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. చిన్నప్పుడు తెర వెనక పిలిచినట్టు, మెల్లగా పిలిచింది.

"మిరపా, ఏం తింటావ్?"

ఆకలి లేదు అనబోయాను. మా సమాజంలో ఆ జవాబు లేదు. అక్క ఇంకోసారి అడిగింది. రొట్టెముక్క తుంచి చేతిలో పట్టుకుని, నేను పలికేదాకా అడుగుతూనే ఉంది.